చెల్లు

మూడు గంటల ఆరాధన.
ఆరో మాట దగ్గరికొచ్చేసరికి
కొండపి గుడి రేకులు పెనంలా కాగుతున్నాయి.
కరెంటు పోయింది.
మట్టలాదివారం మిగిలిన ఈతాకులతో
విసురుకుంటా కూచున్నాం ఆడవాళ్లం,
గ్రేడింగు షెడ్డు నుంచి తిన్నగా వచ్చినోళ్లం,
పొగాకు బంక సబ్బుకి లొంగక
వేళ్లన్నీ నల్లగా.

"సమాప్తమైనది" అన్నాడు పాస్టరు,
మెల్లగా, తలెత్తకుండా.
ఎవరో ముక్కు చీదారు.
నాకు మాత్రం
గురునాథం శెట్టి కొట్లో
దూలానికి వేలాడే ఇనప ఊచ కనపడింది.

కొస వంచి, సానబట్టి, దబ్బనంలా ఉండేది.
తీరిన కాగితాలన్నీ దానికే గుచ్చేవాడు.
గుచ్చేముందు అడ్డంగా ఒక్క మాట రాసేవాడు,
సిరా కక్కే పెన్నుతో:
చెల్లు.

మా నాయన ప్రోనోటు
పదేళ్లు ఆ ఊచ ఎక్కలా.
కౌలుకి తీసుకున్న బేరను కాలిన ఏడు రాసింది అది.
కర్రా ఆకూ కప్పూ ఒక్క రాత్రిలో పోతే
ఆ మసిలోనే బొటనేలు అద్ది
ముద్ర వేశాడని మా యమ్మ అంటది.
నవ్వుతానే అంటది.
అట్టాంటి నవ్వు నేను ఇంకోచోట చూడలా.

వడ్డీ మా ఇంట్లో మనిషిలా ఉండేది.
మాకంటే ముందు తినేది.

మా అన్న ఆబేలు, పంతొమ్మిదేళ్లోడు,
ఒక తెల్లారుగట్ల చీమకుర్తి లారీ ఎక్కాడు.
నాయనకి చెప్పలా.
క్వారీ మేస్త్రీ దగ్గర మూడేళ్ల కూలి ముందే తీసుకోని
శెట్టి బల్ల మీద పెట్టాడంట.
"అప్పు నీదా?" అన్నాడంట శెట్టి.
"కాదు. కట్టేది నేను."

మూడేళ్లు నల్లరాయి.
చుక్కలరాయి. యే దేశాల్లోనో గచ్చుకి పరుచుకుంటారంట,
రాత్రి ఆకాశం మాదిరి మెరుస్తదంట.
రెండో యేడు గొలుసు జారి
ఎడంచేతి వేళ్లు రెండు
ఆ ఆకాశం కిందే ఉండిపోయాయి.

చిన్నప్పుడు సండేస్కూల్లో అడిగాను,
ఒకరి తప్పుకి ఇంకొకరు చావడమేందని.
దీనమ్మ టీచరు వాక్యం చూపించింది.
వాక్యం అర్థమయింది. న్యాయం కాలా.
ఇప్పటికీ కాలేదు.
న్యాయమే జరిగుంటే
నేను పలక పట్టేదాన్ని కాదు,
శెట్టి గొడ్లకాడ పేడ తీసేదాన్ని.

పోలిక పెట్టబాక అంటాడు మా అన్న.
నిజమే. దేవుడేం కాదు.
తాగుతాడు. గుడికి రాడు.
దడి జానెడు జరిపామని
నిరుడంతా మాతో మాటల్లేవు.
ఆ బాకీ సంగతి ఎత్తితే మాత్రం
"తీరినదాన్ని తవ్వుతావేందే" అని కసురుకుంటాడు.
అంతే. ఆ కసురులోనే
నాకు తెలిసిన సువార్తంతా ఉంది.

మేకులంటే మిగతావాళ్లకి ఏం గుర్తొస్తాయో.
నాకు ఆ ఊచే.
గుచ్చిన కాగితాన్ని మళ్లీ ఎవరూ దించి చదవరు.
గాలికి కాస్త కదులుతా ఉంటది, అంతే.
ఆ శుక్రారం
కాగితానికి బదులు మనిషి ఎక్కాడు,
బొటనేలి మసి మాదే.

మూడయింది. ఇయ్యాళ గంట కొట్టరు.
ఎండిన నోటితో ఇంటికి పోతా పోతా
అన్న గడప కాడ ఆగాను, ఎందుకో.
నులకమంచం మీద ఉన్నాడు,
రాతిదుమ్ము దగ్గు తెరలు తెరలుగా.
"నీళ్లియ్యవే" అన్నాడు.
నిరుటి నుంచి అదే మొదటి మాట.

కుండలోవి ముంచి ఇచ్చాను.
ఎడంచేత్తోనే, ఉన్న మూడు వేళ్లతోనే
గ్లాసు పట్టుకోని గటగటా తాగాడు.
మీసం తుడుచుకోని,
"మీ పాస్టరు ఇయ్యాళ గూడా ఏడ్చాడా?" అన్నాడు.

ఏడ్చాడన్నాను.

"పాపం" అన్నాడు,
గ్లాసు బోర్లిస్తా.